ఊళ్ళకు దిష్టిబొమ్మలు

కొత్త ఇల్లు కడుతూవుంటే మనవాళ్ళు పైగోడకు ఒక దిష్టిబొమ్మను వేలాడదీస్తారు. గడ్డి కూరిన పాతచొక్కా, బోర్లించిన కుండ తలకాయ, ఆ కుండమీద సున్నపు కళ్ళు, బొగ్గు మీసాలు. దారినపోయేవాడి చూపు ముందుగా దానిమీద పడాలి. ఆ చూపులో ఏదైనా విషం వుంటే అది బొమ్మే మింగాలి. ఇల్లు మాత్రం చల్లగా వుండాలి. కాపుమీద వున్న తోటకూ అంతే, పంటచేనుకూ అంతే. దిష్టి అనేది వుందా లేదా అనే వాదం ఇక్కడ పెట్టను. ఆ వాదం మా ఇంట్లోనే ఇంకా తెగలేదు. కాని ఇదే యుక్తిని రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు ప్రభుత్వం, పెద్ద పెద్ద ఇంజనీర్లను పెట్టి, పటాలు గీయించి, మహా రహస్యంగా వందలచోట్ల అమలు జరిపింది. పట్టణానికి నాలుగైదు మైళ్ళ అవతల, పొలాల్లోనూ బీళ్ళలోనూ ఒక దిష్టిబొమ్మ. అక్కడ దిష్టి అంటే ఆకాశం నుంచి పడే జర్మను బాంబు.

వాటిని ఇంగ్లీషులో 'డెకాయ్' అన్నారు. అడవిబాతులను పట్టడానికి వేటగాడు చెరువులో కొయ్యబాతును వదులుతాడు చూడండి, ఆ మాట. మనం ఎర అనవచ్చు, మాయలేడి అన్నా తప్పులేదు. మారీచుడు రాముణ్ణి ఆశ్రమం నుంచి ఎంత దూరం లాక్కుపోగలిగితే అంత పని జరిగినట్టు. కర్నల్ టర్నరు చేసిన పనీ అదే. కాకపోతే ఆశ్రమంలో వున్నవాళ్ళను కాపాడటానికి చేశాడు.

ఇంతటి పట్టణాన్ని వదిలిపెట్టి ఖాళీ పొలంమీద బాంబు వేసే తెలివితక్కువవాడు ఎవడుంటాడని మీకు సందేహం రావచ్చు. నాకూ మొదట వచ్చింది. కాని ఆ విమానంలో కూర్చున్నవాడి అవస్థ ఒక్కసారి ఊహించుకోవాలి. అర్ధరాత్రి. పదిహేనువేల అడుగుల ఎత్తు. ఎముకలు కొరికే చలి. కింద భూమి అంతా కాటుక పూసినట్టుంది, ఎందుకంటే 1939 సెప్టెంబరు 1 వ తేదీ నుంచి బ్రిటనులో దీపాలు కనబడకూడదని శాసనం. కిటికీకి నల్లతెర లేకపోతే వార్డెను వచ్చి తలుపు తట్టేవాడు. ఆ చీకట్లో విమానాన్ని నడిపేవాడికి ఒక దిక్సూచి, ఒక పటం, గడియారం, వెన్నెల వుంటే నది మెరుపు, ఇంతే ఆధారం. కిందనుంచి ఫిరంగులు పేలుతూవుంటాయి. ఎంత త్వరగా బాంబులు దులుపుకుని ఇంటికి పోదామా అన్నదే ధ్యాస. అల్లాంటివాడికి సరిగా తాను చేరవలసిన సమయానికి, చేరవలసిన చోటికి కాస్త ఇవతల, నాలుగు దీపాలు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తే ఇంకేం కావాలి?

ఇది జర్మనుల చేతకానితనం అనుకోకూడదు. ఇంగ్లీషు విమానాల సంగతి అంతకంటె అన్యాయం. 1941 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వం వాళ్ళ సొంత విమానాలు తీసిన ఫొటోలు తెప్పించి లెక్క చూసుకుంది. గురిమీద బాంబులు వేశామని చెప్పుకున్న విమానాల్లో నిజానికి గురికి అయిదు మైళ్ళ దగ్గరగా వెళ్ళినవి మూడింట ఒకటి. కర్మాగారాల పొగ కమ్మిన రూర్ ప్రాంతం మీదనైతే పదింట ఒకటి. అయిదు మైళ్ళంటే మన బెజవాడకు గురిపెట్టి మంగళగిరి దారిలో ఎక్కడో వేసినట్టు.

సినిమావాళ్ళ విమానాలు

ఈ పనికి ఇంగ్లండు ఎంచుకున్న మనిషి కర్నల్ జాన్ టర్నరు. ఇంజనీరు. విమానశాఖలో కట్టడాల డైరెక్టరుగా చేసి రిటైరయ్యాడు. విమానాశ్రయాలు ఎల్లా కడతారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు గనక, దొంగ విమానాశ్రయం కట్టడానికి ఆయనే తగినవాడు. ఆయన ఆఫీసుకు అసలు పేరు పెడితే రహస్యం బయటపడుతుందని ఊరికే 'కర్నల్ టర్నరు గారి డిపార్టుమెంటు' అన్నారు. పేరుచూస్తే అది చెప్పులకు సంబంధించినదో చేపలకు సంబంధించినదో ఎవరికీ బోధపడదు.

ముందు కావలసినవి బొమ్మ విమానాలు. విమానాలు తయారుచేసే కంపెనీలను అడిగితే, వాళ్ళకు బొమ్మ చెయ్యడం ఎక్కడ తెలుసు? మేలైన విమానమే ఇంజను లేకుండా చేసినట్టు చెయ్యబోయారు. ధరా అల్లాగే చెప్పారు. అప్పుడు టర్నరు సినిమావాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. షెపర్టన్‌లో 'సౌండ్ సిటీ' అని ఒక స్టూడియో వుండేది. కర్రముక్కలు, కాన్వాసుగుడ్డ, రంగు, ఇవి ఇస్తే వాళ్ళు రాజభవనం నిలబెట్టగలరు. వెనకనుంచి చూస్తే వట్టి కొయ్యలు. ఆకాశం నుంచి చూసేవాడు వెనకకు వెళ్ళి చూడడు గదా! చవకలో పని జరిగింది. కొంతకాలానికి ఆ స్టూడియోయే టర్నరుకు ముఖ్యస్థానం అయింది.

పగటి విమానాశ్రయాలకు 'కె' అని గుర్తు. గడ్డిమైదానం, దానిమీద బొమ్మ విమానాలు. కాని వాటిని నిలబెట్టి ఊరుకుంటే లాభంలేదు. నిన్న తీసిన ఫొటోలోనూ ఇవాళ తీసిన ఫొటోలోనూ విమానాలు ఒక్కచోటనే వుంటే శత్రువు పసికట్టేస్తాడు. అందుకని అక్కడి సైనికులు రోజూ వాటిని అటూ ఇటూ మోసుకుపోయి పెట్టేవారు. గాలివాన వస్తే విమానాలు ఎగిరిపోకుండా తాళ్ళతో కట్టేవారు. ఎగరని విమానానికి ఎగిరిపోతుందేమోనన్న భయం!

రాత్రి విమానాశ్రయాలకు 'క్యూ' అని గుర్తు. ఇది ఇంకా చవక. బొమ్మలు అక్కర్లేదు, వరసగా దీపాలు చాలు. పొలంలో రెండు వరసల లైట్లు పాతితే పైనుంచి చూసేవాడికి విమానం దిగే బాట. చెట్టుకొమ్మకు ఎర్రదీపం కడితే అది ఎత్తయిన కట్టడానికి గుర్తు. ఒక దీపాన్ని నెమ్మదిగా తిప్పితే విమానమేదో నేలమీద కదులుతున్నట్టు. వీటన్నిటికీ ఇద్దరు మనుషులు, ఒక జనరేటరు, దాక్కోవడానికి ఒక గుంట. శత్రువు రొద వినబడగానే దీపాలు ఆర్పాలి, కాని కొంచెం ఆలస్యంగా ఆర్పాలి. అజాగ్రత్తగా వున్నవాళ్ళు కంగారుపడి ఆర్పినట్టుండాలి. ఆ కొంచెం ఆలస్యంలోనే వుంది నటన అంతా.

ఒక్కటి మాత్రం ప్రమాదం. సొంత విమానం దారితప్పి వచ్చి ఆ దీపాలు చూసి దిగబోతే? అందుకే మనవాడని తెలిస్తే వెంటనే ఎర్రదీపం చూపించి తరమాలి. అయినా కొందరు దిగనే దిగారు, పొలంలోకి.

నాకు అన్నిటికంటె వింతగా తోచేది ఆ ఇద్దరు మనుషుల ఉద్యోగం. లోకంలో ఏ సైనికుడైనా బాంబు తనమీద పడకుండా చూసుకుంటాడు. వీళ్ళకు తలమీద బాంబు పడిన రాత్రి శభాష్ అంటారు. వారాల తరబడి ఏమీ పడకపోతే పైఅధికారి వచ్చి, మీ దీపాల్లో ఏదో లోపం వుందంటాడు.

ఇక్కడ ఒక కథ చెప్పకపోతే తెలిసినవాళ్ళు నన్ను ఆక్షేపిస్తారు. జర్మనులు ఎక్కడో కొయ్య విమానాశ్రయం ఒకటి ఎంతో శ్రమపడి కట్టారట. కట్టడం పూర్తయిననాడు ఇంగ్లీషు విమానం ఒకటి వచ్చి దానిమీద ఒక్క కొయ్యబాంబు వేసి పోయిందట. చాలా బాగుంది. ఇంత బాగున్నందుకే నాకు అనుమానం. ఫ్రాన్సులో జరిగిందంటారు, హాలెండులో అంటారు, జర్మనులు ఇంగ్లీషువాళ్ళకు వేశారని తిరగేసి కూడా చెబుతారు. ఎవరు చెప్పినా ఇంకొకరు చెప్పగా విన్నదే. తెనాలి రామలింగడి కథలు ఇన్ని ఊళ్ళలో జరిగినట్టే ఇదీను.

మూకుడులో నీటిచుక్క

1940 నవంబరు 14 రాత్రి కోవెంట్రీ పట్టణం తగలబడింది. నిండు వెన్నెల. నాలుగువందలకు పైగా విమానాలు సాయంత్రం మొదలుపెట్టి తెల్లవారేదాకా వస్తూనే వున్నాయి. 550 మందికి పైగా చనిపోయారు. మధ్యయుగంనాటి పెద్ద చర్చి మొండిగోడలతో మిగిలింది. ఆ గోడలను ఇప్పటికీ అల్లాగే వుంచారు.

ఆ రాత్రి జర్మనులు ఉపయోగించిన పద్ధతి ఏమిటంటే, అన్ని విమానాలూ దారి వెతుక్కోనక్కర్లేదు. రేడియో కిరణాల సాయంతో దారి తెలిసిన ఒక చిన్న దళం ముందుగా వచ్చి నిప్పుబాంబులు వేస్తుంది. ఊరు అంటుకుంటుంది. వెనక వచ్చేవాళ్ళు ఆ మంటలను చూసి అందులో వేసి పోతారు. అంటే మంటే గురి.

మంటే గురి అయితే, గురిని జరపవచ్చు గదా! మొదటి దళం వేసిన నిప్పులను అగ్నిమాపక దళం చప్పున ఆర్పెయ్యాలి. అదే సమయంలో ఊరికి నాలుగు మైళ్ళ అవతల బీడులో ఇంకొక ఊరు అంటుకోవాలి. ఆ రెండో ఊరు టర్నరు కట్టాలి. దీనికి పెట్టిన పేరు 'స్పెషల్ ఫైర్', ప్రత్యేకమైన మంట. మొదటి అక్షరాలు ఎస్., ఎఫ్. వాటినుంచి సిపాయిల నోట 'స్టార్‌ఫిష్', నక్షత్రపుచేప, అయి కూర్చుంది. కోవెంట్రీ కాలిన పద్ధెనిమిదో రోజుకు, 1940 డిసెంబరు 2 న, బ్రిస్టల్ దగ్గర మొదటి నక్షత్రపుచేపలు వెలిగాయి. అరవైకి పైగా బాంబులు వాటిమీద పడ్డాయి.

ఊరు తగలబడితే ఎల్లా వుంటుంది? గడ్డివామి కాలినట్టు వుండదు. నూనెకొట్టు ఒక తీరున, కొయ్య అడితి ఒక తీరున, మిద్దె ఒక తీరున కాలుతుంది. ఒకచోట భగ్గుమంటుంది, ఒకచోట రాజుకుంటుంది, కాసేపు తగ్గి కప్పు కూలగానే మళ్ళీ లేస్తుంది. పైన వున్నవాడు ఎన్నో ఊళ్ళు కాల్చినవాడు, వాడికి ఈ తేడాలు తెలుసు. కనక టర్నరు నాలుగైదు రకాల మంటలు తయారుచేశాడు. తీగగంపల్లో కొయ్యముక్కలూ తారునూనె పట్టించిన చెత్తా కూరినవి ఒకరకం. వేడెక్కిన ఇనపవలమీద నూనె బొట్లుబొట్లుగా కారేవి ఇంకొకరకం. వీటన్నిటినీ వీధుల్లాగా, పేటల్లాగా వరసలు తీర్చి పెట్టేవారు. చుట్టూ పొలాలు అంటుకోకుండా కందకం తవ్వేవారు.

అన్నిటిలోకీ ఘనమైనది మరిగే నూనె మంట. దీన్ని నేను ఇంజనీరులాగా వర్ణించనక్కర్లేదు, మన ఇళ్ళలో ఆడవాళ్ళకు బాగా తెలిసిన సంగతే. బూరెలు వేగుతున్న మూకుడులో తడిచెయ్యి విదిలిస్తే ఏమవుతుంది? అదే. ఎత్తయిన చట్టంమీద ఒక తొట్టెలో నూనె, ఇంకొక తొట్టెలో నీళ్ళు. కింద పొడుగాటి ఇనపపళ్ళెం, దానికింద బొగ్గుమంట. నూనె పళ్ళెంలోకి దిగి మరిగి అంటుకుంటుంది. బాగా కాగిన సమయాన పైనుంచి నీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే నీరు ఆవిరై, కాలే నూనెను కొబ్బరిచెట్టంత ఎత్తుకు ఎగరగొడుతుంది. పైనుంచి చూసేవాడికి అప్పుడే బాంబు పేలి ఇల్లు కూలినట్టుంటుంది. మళ్ళీ నూనె, మళ్ళీ నీళ్ళు. గంటల తరబడి ఇల్లాగే. మంటకు దగ్గరగా మనిషి వుండలేడు గనక, వందల గజాల అవతల మట్టికప్పిన గదిలో కూర్చుని కరెంటు మీటలు నొక్కి అంటించేవారు.

ఎప్పుడు నొక్కాలి అన్నదే ప్రాణాలతో వున్న ప్రశ్న. ఒక్కబాంబూ పడకముందే ఊరు అంటుకుంటే శత్రువు నవ్వుకుంటాడు. ఆలస్యమైతే అసలు ఊరి మంట దీన్ని మింగేస్తుంది. ఉత్తరువు టెలిఫోనులో రావాలి. ఆ మట్టిగదిలో కుర్రాళ్ళు టెలిఫోను వంక చూస్తూ కూర్చునేవారు.

అల్లాంటి మట్టిగదిని నేను చూశాను. మా అమ్మాయి ఉద్యోగరీత్యా బ్రిస్టల్‌లో వుంటే ఆ మధ్య వెళ్ళి రెండు నెలలు వున్నాం. ఒక ఆదివారం మా అల్లుడు, "మామయ్యగారూ, మీరు యుద్ధం పుస్తకాలు చదువుతారుగా, ఒకటి చూపిస్తాను రండి" అని కారులో మెండిప్ కొండలకు తీసుకువెళ్ళాడు. బ్లాక్ డౌన్ అని ఆ కొండల్లోకెల్లా ఎత్తయిన చోటు. చెట్టూ చేమా లేదు, మోకాటిలోతు తుప్పలు, ఈడ్చికొట్టే గాలి. అక్కడక్కడ గుట్టలు వరసలుగా కనబడ్డాయి. ఏమిటంటే, యుద్ధంలో శత్రు విమానాలు మైదానంలో దిగకుండా పోసిన రాళ్ళ కుప్పలూ మట్టి కుప్పలూనట. ఒకచోట నేల కాస్త ఉబ్బి వుంది. దగ్గరికి వెళితేగాని కట్టడమని తెలియదు. అందులో కూర్చునే బ్రిస్టల్ రైలుస్టేషను దీపాలను నకలు చేసేవారు. సరుకుబళ్ళు మలిపేచోట వెలిగే లైట్లు, చీకటి శాసనానికి సగం లొంగి సగం లొంగనట్టుగా. ఆ గాలిలో నేను పదినిమిషాలకంటె నిలబడలేకపోయాను. వాళ్ళు డిసెంబరు, జనవరి రాత్రులు, బాంబులకోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. మా అల్లుడు ప్లాస్కులో తెచ్చిన టీ పోసి, "ఇక్కడ పశువులు మేపుకునేవాళ్ళకు అప్పట్లో చెప్పి వుంటారంటారా?" అన్నాడు. దారిపొడుగునా ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది.

మైలు అవతలివాళ్ళు

నిబంధన ఏమంటే, నక్షత్రపుచేప కాపాడవలసిన పట్టణానికి సుమారు నాలుగు మైళ్ళ దూరంలో వుండాలి, ఇతర జనావాసం ఏదైనా సరే కనీసం ఒక మైలు అవతల వుండాలి. కాగితంమీద చాలా న్యాయంగానే వుంది. కాని అయిదు మైళ్ళ దూరంలో గురితప్పే బాంబులకు ఒక మైలు ఎంత? పైగా ఇది రహస్యం. మీ పొలం పక్కన మేము శత్రువును పిలిచే దీపం పెడుతున్నామని రైతుకు చెప్పేవారు కారు. చెబితే నలుగురికీ తెలుస్తుంది, నలుగురికీ తెలిస్తే బెర్లినుకు తెలుస్తుంది.

1941 ఏప్రిల్ 17 రాత్రి పోర్ట్స్‌మత్ నౌకాశ్రయం మీదికి జర్మను దండు వచ్చింది. పక్కనే వున్న హేలింగ్ దీవిలోనూ, ఫార్లింగ్టన్ బురదనేలల్లోనూ నక్షత్రపుచేపలు వెలిగించారు. దండులో ఎక్కువభాగం ఆ మంటలనే నమ్మింది. నౌకాశ్రయం బతికిపోయింది. టర్నరు సాధించిన గెలుపుల్లో ఇది పెద్దదని చరిత్రకారులు రాస్తారు. కాని హేలింగ్ దీవి ఖాళీ బీడు కాదు. అక్కడ ఇళ్ళున్నాయి, కాపలాకు పెట్టిన ఫిరంగిదళం వుంది. ఆ రాత్రి ఆ దళంలో సైనికులు చనిపోయారు.

ఆర్న్ అనే పల్లె కథ ఇంకొకటి. డార్సెట్ జిల్లాలో హోల్టన్ హీత్ అనేచోట నౌకాదళానికి మందుగుండు చేసే ఫ్యాక్టరీ వుండేది. దానికి ఎదురుగా, నీటికి అవతలి ఒడ్డున, ఆర్న్ పక్కన దొంగ మంట పెట్టారు. 1942 జూన్ మొదటివారంలో ఒక రాత్రి అది వెలిగింది. వందలాది బాంబులు ఆర్న్ పరిసరాల్లో పడ్డాయి. ఫ్యాక్టరీకి దెబ్బ తగల్లేదు. మందుగుండు ఫ్యాక్టరీమీద ఆ బాంబులు పడివుంటే ఎంతమంది పోయేవారో ఊహించుకోవచ్చు. పల్లె మాత్రం పాడైంది. తరువాత జనాన్ని అక్కణ్ణించి ఖాళీ చేయించారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పక్షుల సంరక్షణకేంద్రం వుంది. బాంబులు తవ్విన గుంటల్లో నీళ్ళు నిలిచి మడుగులయ్యాయి.

చర్చిల్ తన యుద్ధచరిత్రలో ఒక ముచ్చట రాశాడు. 1941 మే 8 రాత్రి జర్మనులు డార్బీలోని రోల్స్ రాయిస్ ఇంజన్ల ఫ్యాక్టరీమీదికి బయలుదేరారు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ రేడియో కిరణాలను చెడగొట్టడంతో దారితప్పారు. 230 బాంబులు బయలు పొలాల్లో పడ్డాయి; అక్కడ చనిపోయినవి రెండు కోళ్ళు అని చర్చిల్ చమత్కారం. చదివినప్పుడు నేనూ నవ్వాను. తరువాత ఇంకొక పుస్తకంలో చూస్తే, అదే రాత్రి నాటింగ్‌హామ్ పట్టణం మీద బాంబులు పడి నూరుమందికి పైగా పోయారు. డార్బీకి రావలసినవి కొన్ని అక్కడ పడ్డాయని చర్చిలే ఒప్పుకున్నాడు. రెండు కోళ్ళ లెక్క పొలాలవరకే.

అయినా టర్నరును తప్పుపట్టడానికి నాకు నోరు రావడంలేదు. ఒక అంచనా ప్రకారం అన్నిరకాల దొంగ స్థావరాలూ కలిసి, బ్రిటనుమీద పడవలసిన బాంబుల్లో నూటికి అయిదు వంతులు లాక్కున్నాయి. సుమారు 2,500 మంది ప్రాణాలు దక్కాయి. ఇంగ్లండులో 602 చోట్ల 839 దొంగ స్థావరాలు పెట్టినట్టు రికార్డుల్లో వుంది. నూటికి అయిదు అంటే తక్కువే. ఆ అయిదులో తన ఇల్లు వున్నవాడికి తక్కువకాదు. అల్లాగే, బీడు పక్కన ఇల్లున్నవాడికీ అది లెక్క కాదు. ఎవరిని ఎవరికి దిష్టి తీసి పారవెయ్యాలి అనేది ఎవరో ఒకరు బల్లదగ్గర కూర్చుని తేల్చారు. తేల్చకుండా చేతులు ముడుచుకు కూర్చోవడం కూడా ఒక తీర్మానమే గనక నాకు ఆ మనుషులమీద కోపంకంటె జాలి ఎక్కువ కలుగుతుంది.

జర్మనులు తక్కువ తిన్నారా? ఎసెన్‌లో క్రుప్ అనే మహా ఫిరంగుల కర్మాగారం వుండేది. దాన్ని కాపాడటానికి 1941 లో, వెల్బర్ట్ దగ్గర రాట్‌బెర్గ్ కొండమీద ఇంకొక క్రుప్ కట్టారు. షెడ్లు, పొగగొట్టం, రైలుపట్టాలు, దీపాలు. రెండేళ్ళు బాగానే సాగింది. 1943 లో ఇంగ్లీషువాళ్ళకు మంచి రేడియో పరికరాలు వచ్చి, కంటితో పనిలేకుండా గురిచూడటం నేర్చేసరికి ఆ మాయ ముగిసింది. స్టుట్‌గార్ట్ రైలుస్టేషనుకు నకలు లాఫెన్ అనే ఊరి దగ్గర పెట్టి దానికి 'బ్రెజిల్' అని రహస్యనామం ఇచ్చారు. అక్కడ కూడా పక్క పల్లెలవాళ్ళ పొలాల్లోనూ ద్రాక్షతోటల్లోనూ బాంబులు పడ్డాయి. దేశం మారినా పల్లెవాడి స్థానం మారలేదు.

దొంగ పారిస్

ఈ విద్యలో టర్నరుకంటె ముందువాడు ఒకడున్నాడు, అతని పేరు ఫెర్నాన్ జాకపొజ్జీ. ఇటలీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన కరెంటు ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధం చివర, 1918 లో, ఫ్రెంచి సైన్యం ఏకంగా ఇంకొక పారిస్ నిర్మించాలని తలపెట్టింది. సేన్ నది అసలు పారిస్‌లో తిరిగినట్టే మలుపు తిరిగే ఇంకొకచోటు నగరానికి వాయవ్యంగా వుంది. అక్కడొక నకలు, ఈశాన్యంలో ఒక నకలు. గార్ ద లెస్ట్ రైలుస్టేషనుకు నకలు మాత్రం జాకపొజ్జీ చేసి చూపించాడు. నేలమీద పరిచిన దీపాలు ఒకదాని తరువాత ఒకటి వెలిగి ఆరుతూంటే పైనుంచి చూసేవాడికి రైలు కదులుతున్నట్టే వుండేది. రంగువేసిన గాజుకప్పుల వెనక దీపాలు పెట్టి కొలిమి వెలుతురు తెప్పించాడు. కాని అంతా పూర్తికాకముందే యుద్ధం ముగిసింది. పారిస్‌మీద చివరి దాడి ఆ సెప్టెంబరులోనే అయిపోయింది. తరువాత 1925 లో ఆ జాకపొజ్జీయే ఐఫిల్ టవరును నిలువెల్లా దీపాలతో అలంకరించాడు. లోకమంతా వచ్చి చూసింది.

ఎడారి కథలు చెప్పాలంటే ఒక సంచిక చాలదు. ఈజిప్టులో మిషైఫా అనేచోట 1941 లో స్టీవెన్ సైక్స్ అనే చిత్రకారుడు దొంగ రైలుస్టేషను కట్టాడు. పట్టాలకు ఇనుము ఎక్కడిది? ఖాళీ పెట్రోలు డబ్బాలు చదునుచేసి, అసలు పట్టాలమీద పెట్టి కొట్టి, ఆ ఆకారం తెప్పించారు. మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు అలెగ్జాండ్రియా రేవును ఎత్తి పక్కన పెట్టాననీ, సూయజ్ కాలువను మాయం చేశాననీ చెప్పుకున్నాడు. అందులో చాలాభాగం గారడీవాడి గొప్పలే అని నా నమ్మకం. అమెరికావాళ్ళు సియాటిల్‌లో బోయింగ్ ఫ్యాక్టరీ కప్పుమీద గుడ్డలతో, తీగలతో ఒక పేట కట్టారు. నడుమెత్తు ఇళ్ళు, తీగవలల చెట్లు, వీధులు. ఇది ఎర కాదు, ముసుగు. ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు ఆ కప్పుమీది వీధుల్లో షికారు చేస్తున్న ఫొటో నేను చూశాను. వాళ్ళ తలలు ఇళ్ళ కప్పులకంటె పైకి వున్నాయి. అక్కడికి ఏ శత్రువూ రానేలేదు.

విశాఖపట్నం మీదికి మాత్రం వచ్చాడు. 1942 ఏప్రిల్ 6 న జపాను నౌకాదళ విమానాలు విశాఖ రేవుమీదా, కాకినాడమీదా బాంబులు వేశాయి. మా అమ్మకు అప్పుడు పదకొండేళ్ళు. వాళ్ళు వన్‌టౌనులో వుండేవారు. రాత్రికి రాత్రే తాతగారు ఒంటెద్దు బండి మాట్లాడి, అందరినీ శృంగవరపుకోట అవతల చుట్టాల ఊరికి పంపేశారు. ఊరంతా అదేదారిని పోయింది. రోడ్డుమీద బండికి బండి తగిలిందనీ, అమ్మమ్మ ఆవకాయ జాడీని ఒళ్ళో పెట్టుకునే కూర్చుందనీ అమ్మ చెప్పేది. నాలుగు మైళ్ళు దాటితే చాలు ప్రాణం నిలిచినట్టే అని ఆ రోజుల్లో అందరి నమ్మకం. పట్నానికి దూరమైతే క్షేమం. టర్నరు కథలు చదివిన దగ్గరనుంచి ఆ నాలుగు మైళ్ళ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అదే విశాఖ, ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత, తానే ఒక ఎర వేసింది. 1971 లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చేసరికి మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాను తన జలాంతర్గామి ఘాజీని బంగాళాఖాతంలోకి పంపింది. తూర్పు నౌకాదళానికి అప్పుడు అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన తరువాత రాసిన పుస్తకంలో ఈ సంగతంతా వుంది. రాజ్‌పుత్ అనే పాత డెస్ట్రాయరును సముద్రంలోకి పంపి, విక్రాంత్ పంపినట్టుగా దానిచేత వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద ఓడ వస్తోందన్నట్టు సరుకుల కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా కావాలని కబురుపెట్టారు. బజారులో మాట దాగదు గదా. తల్లికి జబ్బుగా వుందట, ఎల్లా వుందో కనుక్కోండి అంటూ విక్రాంత్ నావికుడు ఒకడు అడిగినట్టుగా, ఎవరైనా వినగలిగే మామూలు భాషలో ఒక సందేశం కూడా వదిలారు. అందరికీ తల్లి వుంటుంది. ఆ సందేశాన్ని ఎవడు అనుమానిస్తాడు?

డిసెంబరు 3 రాత్రి, తెల్లవారితే 4, విశాఖ రేవు ముఖద్వారం అవతల ఘాజీ పేలి మునిగిపోయింది. తొంభైమందికి పైగా అందులో వున్నారు, ఒక్కడూ బతకలేదు. రాజ్‌పుత్ వేసిన నీటిబాంబులవల్ల మునిగిందని మనవాళ్ళు, తాను పరిచిన మందుపాతరలో తానే చిక్కుకుందని పాకిస్తానువాళ్ళు. సముద్రపుటొడ్డున బీచిరోడ్డులో ఆ విజయానికి స్తూపం వుంది. ఘాజీ వెతికిన విక్రాంత్ ఆ రోజుల్లో విశాఖలో లేదు. వందల మైళ్ళ అవతల, అండమాన్లలో ఒక దీవి చాటున లంగరు వేసుకుని దాగివుంది.